బెరిల్ అమ్మమ్మ ప్రశ్నలు, డెస్మండ్ మూడో పరీక్ష

తెలివితక్కువ ప్రశ్నలకు ప్రపంచ పోటీ పెడితే మా అమ్మమ్మ బెరిల్ టాప్లిన్‌కు ఎదురు నిలిచే మొనగాడు ఇంగ్లండులో లేడు, యూరప్‌లో లేడు, చంద్రుడి మీద మనుషులుంటే వాళ్ళలోనూ లేడు. గెలిచిన కప్పు చేతికి ఇస్తుంటే "ఇందులో టీ ఎటునుంచి పోయాలి బాబూ?" అని అడిగి, మరుసటి ఏడాది కప్పు కూడా అక్కడికక్కడే గెలుచుకుని ఇంటికొస్తుంది.

మనవరాలి మురిపెం అనుకోకండి, సాక్ష్యాలున్నాయి. పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే "రెండు పెదాలూ తెరవాలా?" అంది. రైల్వే స్టేషన్‌లో టికెట్ల కిటికీ దగ్గర, టైము పలక చదవలేక తికమకపడుతున్న ఒక ముసలాయన ముందు నిలబడి "ఈ రైలు ఆలస్యం ఎన్ని గంటలకు మొదలవుతుందండీ?" అంది. పక్కింటి పోకాక్ గారి అంత్యక్రియల్లో ప్రార్థన మధ్యలో ఆపి, "ఫాదరు గారూ, ఇప్పుడు లేవాలా, కూర్చోవాలా? మేమంతా ఎవర్ని చూసి లేస్తున్నాం?" అంది. పాపం ఆయన పుస్తకం మూసి, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. చర్చిలో సగం మంది హమ్మయ్య అని సర్దుకున్నారు. నేను మాత్రం సిగ్గుతో బల్ల కిందికి దూరి, లేని చెవిదుద్దు వెతికాను.

నా పేరు ట్రూడీ. నాకున్నది సరిగ్గా దీనికి ఎదురు జబ్బు. ఎవర్నీ ఏదీ అడగను. బడిలో మొదటి రోజు టీచరు "అర్థమైందా?" అంటే తలూపాను. పదహారో ఏట బడి మానేసేదాకా ఊపుతూనే ఉన్నాను. చివరికి పాసైనవి రెండే, వంట, కుండల తయారీ. ఆ చదువుకు తగ్గట్టే టైర్ల షాపులో ఉద్యోగం దొరికింది. మొదటి రోజు యజమాని "టార్క్ రెంచి పట్రా" అన్నాడు. తలూపి లోపలికి వెళ్ళాను. అదేమిటో తెలియదు. మూడింట్లో ఒకటి అది కాకపోతుందా అని మూడు వస్తువులు పట్టుకొచ్చాను. వాటిలో ఒకటి ఆయన గొడుగు.

పోయిన జూన్‌లో అమ్మమ్మకు ఎనభై నాలుగేళ్ళు నిండాయి. పుట్టినరోజుకు నేనేమీ అడగకుండానే, "నది పక్కన మ్యూజియం ఉందిగా, ఆ పాత కార్లు, విమానాలు చూపించవే" అంది. వందేళ్ళ కిందట అక్కడ కార్ల పందేలు జరిగేవి. ఆ తర్వాత అదే స్థలంలో విమానాల ఫ్యాక్టరీ పెట్టారు. ఇప్పుడు రెండూ పోయి మ్యూజియం మిగిలింది. పెళ్ళికి ముందు అమ్మమ్మ ఆ ఫ్యాక్టరీలో పనిచేసిందని తెలుసు. ఏం పనో ఎప్పుడూ అడగలేదు. క్యాంటీన్‌లో టీ కాచి ఉంటుందని నాకు నేనే తేల్చుకుని, ఊరందరికీ చెప్పాను.

టికెట్ల దగ్గర వరస పొడుగ్గా ఉంది. అమ్మమ్మ వంతు వచ్చింది.

"అమ్మాయ్, ఈ టికెట్టుతో లోపలికి మాత్రమే వెళ్ళాలా, బయటికి కూడా రావచ్చా?"

"రావచ్చండి."

"అదే నయం. ఇంట్లో పిల్లి ఒక్కతే ఉంది."

వెనకున్న వాళ్ళు నవ్వారు. నేను రెండడుగులు పక్కకు జరిగి, ఎవరి తాలూకూ కాని దానిలా పైకప్పు చూశాను.

"అదుగో, ఆ పైకి చూస్తున్నదే, అది నా మనవరాలు," అని అమ్మమ్మ వరసంతటికీ చెప్పింది. "టైర్ల షాపులో పెద్ద ఆఫీసరు."

ముందు టీ తాగుదామని లోపలున్న టీ దుకాణంలో కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర ఒక పొడుగాటి మనిషి, అరవైకి ఒకటి రెండు తక్కువ, కొత్త నీలం కోటు తొడుక్కుని, టై చెవి కిందికి పోయినా పట్టించుకోకుండా, టీ కప్పులోకి వంగి ఏదో గొణుగుతున్నాడు.

"ఏం నాయనా," అంది అమ్మమ్మ, "ఆ టీ ఏమంటోంది?"

ఆయన ఉలిక్కిపడి సగం టీ బల్ల మీద పోశాడు. "క్షమించండి. పదకొండింటికి నాకు గైడు పరీక్ష. పాఠం చెప్పుకుంటున్నాను. నా పేరు డెస్మండ్. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరయ్యాను."

"మొదటి పరీక్షా?"

"మూడోదండి. నాకొక జబ్బుంది. ఎవరైనా నాకు తెలియనిది అడిగితే, తెలియదని చెప్పడానికి నోరు రాదు. నోటికొచ్చింది చెప్పేస్తాను. మొదటి పరీక్షలో ఆ పాత ఫైరింజను గురించి అడిగారు. దాని మీద ఏడుగురు రాజులు ఎక్కారని చెప్పాను."

"ఎక్కారా?"

"ఒక్కరూ ఎక్కలేదు."

"రెండోసారి?"

"ఎనిమిదో రాజును కలిపాను."

అమ్మమ్మ నవ్వలేదు. నేను నవ్వాను. నవ్వినందుకు బల్ల కింద కాలి మీద ఒకటి పడింది.

"మూడోసారి కూడా తప్పితే?"

"పార్కింగు. ఇక ఎప్పటికీ గైడు పని ఇవ్వరు, కార్లు వరసలో పెట్టించడమే. వానకోటు కూడా ముందే ఇచ్చేశారండి." కుర్చీ మీదున్న పచ్చ కోటు చూపించాడు. చిన్న గొంతుతో అన్నాడు, "మా నాన్న ఈ ఫ్యాక్టరీలో నేల ఊడ్చేవాడు. ఆదివారాలు నన్ను గేటు దాకా తీసుకొచ్చి, కంచె అవతల ఏమేముందో చెప్పేవాడు. లోపలికి పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదుగా. ఆ పెద్ద విమానం పక్కన నిలబడి, నేనూ నలుగురికీ ఆయన చెప్పినట్టు చెప్పాలని నా కోరిక."

అమ్మమ్మ ఆయన టై సరిచేసి, "ఈ రొట్టెలో ఎండుద్రాక్షలు ఎవరు లెక్కపెట్టి వేస్తారు నాయనా?" అంది. ఆయన తెల్లబోయాడు. నేను కలగజేసుకుని, "ఏం భయపడకండి, నేనున్నాను," అన్నాను. ఈ మాట నేను ఎవరితో అన్నా వాళ్ళు వెంటనే పారిపోవడం మంచిది. కొత్తవాడు కాబట్టి ఆయన పారిపోలేదు.

పదకొండింటికి పద్నాలుగు మందిమి పోగయ్యాం. పరీక్ష పెట్టేది హార్‌గ్రీవ్ గారు, గైడులందరికీ పెద్ద. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, చెవి మీద పెన్సిలు. ఆవిడ చివర నిలబడింది. ఆవిడ వెనక మడత కుర్చీల దండు.

ఈ దండు సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన నలుగురు ముసలాళ్ళు. గైడు ఎటు వెళ్తే అటు మడత కుర్చీలు చంకన పెట్టుకుని వస్తారు. ఆగిన చోటల్లా టపటపమని కుర్చీలు విప్పి, ఫ్లాస్కు మూతలు తీసి, గైడు తప్పు చెప్పే క్షణం కోసం కాచుకుంటారు. నాయకుడు సెడ్రిక్ పమరీ. ఆ బుర్రలో తేదీలు తప్ప ఇంకేం ఉండవు. ఇద్దరు గైడులు ఆయన వల్లే పూలమొక్కల విభాగానికి మారిపోయారట.

మొదట ఒక ఆకుపచ్చ పందెపు కారు దగ్గర ఆగాం. కుర్చీలు టపటపమన్నాయి.

"ఇది..." అన్నాడు డెస్మండ్. "ఈ కారు... ఒక కారు."

"ఇంతవరకూ తప్పు లేదు," అన్నాడు సెడ్రిక్.

డెస్మండ్ ముఖంలో రక్తం లేదు. నేనున్నానని మాటిచ్చాను కదా. టికెట్టుతో ఇచ్చిన మ్యూజియం పుస్తకం గబగబా తిప్పి, ఆయన వెనక నిలబడి గుసగుసగా చదివాను. ఆయన ప్రాణం లేచొచ్చినట్టు గట్టిగా అందుకున్నాడు.

"ఈ కారు రెక్కలు ఆ చివర నుంచి ఈ చివరకు తొంభై నాలుగు అడుగులు!"

నేను చదివింది పక్క పేజీ.

హార్‌గ్రీవ్ గారి పెన్సిలు చెవి మీంచి దిగింది. సెడ్రిక్ ఫ్లాస్కు మూత కింద పెట్టి, రెండు చేతులూ రుద్దుకున్నాడు. నేను పుస్తకం కోటు లోపల దాచేశాను.

అమ్మమ్మ చెయ్యెత్తింది.

"బాబూ, నాకో సందేహం. అంతేసి రెక్కలుంటే రాత్రి గరాజులో ఎలా పెడతారు? మడతపెడతారా?"

జనం పకాలుమన్నారు. డెస్మండ్ కూడా నవ్వేశాడు. నవ్వగానే గొంతు తెరుచుకుంది. "లేదమ్మా, ఆ రెక్కలు అవతలి షెడ్డులో ఉన్న విమానానివి. ఈ కారుకు రెక్కలే కాదు, తలుపులు కూడా లేవు."

"తలుపులు లేకపోతే పోనీ. అద్దం కూడా లేదే! వెనక ఎవరొస్తున్నారో డ్రైవరుకు ఎలా తెలుస్తుంది? మెడ తిప్పి చూసుకుంటాడా?"

"అందుకేనమ్మా పక్కన రెండో సీటు ఉంది. అందులో మెకానిక్కు కూర్చునేవాడు. నూనె పంపు కొట్టడం, టైర్లు చూడడం, వెనక్కి తిరిగి ఎవరైనా తరుముకొస్తుంటే డ్రైవరు భుజం మీద కొట్టి చెప్పడం, అన్నీ అతని పనే. మా నాన్న చిన్నప్పుడు కంచె సందులోంచి చూశాడట. ఒక మెకానిక్కు గంటకు నూరు మైళ్ళ వేగంలో వెనక్కి తిరిగి, వెనక కారువాడికి నాలుక చాపాడట."

ఇది పుస్తకంలో లేదు. సెడ్రిక్ నోరు తెరిచాడు. నాలుక చాపడానికి తేదీ లేదు కాబట్టి మళ్ళీ మూసుకున్నాడు.

అక్కణ్ణుంచి పందేల బాట చూడటానికి బయటికి వెళ్ళాం. మలుపు దగ్గర కాంక్రీటు నేల పైకి లేచి, నిలువు గోడకు కాస్త తక్కువగా ఉంటుంది. ఎండలో దాని మీద నాచు మెరుస్తోంది. అమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది.

"ఇదేమిటి నాయనా, రోడ్డు ఇలా పక్కకు వాలిపోయింది? బాగు చేయించరా?"

"ఓరి దేవుడా," అనుకుని నేను నా బూట్లు చూసుకున్నాను. నాకు కూడా అదే సందేహం వచ్చిందన్న విషయం ఇక్కడ రాయడం ఇష్టం లేదు, కానీ వచ్చింది.

"కావాలనే అలా కట్టారమ్మా," అన్నాడు డెస్మండ్. "మా నాన్న బకెట్టులో నీళ్ళు పోసి, చెయ్యి చాపి గిరగిరా తిప్పి చూపించేవాడు. బకెట్టు తలకిందులైనా నీళ్ళు పడవు, అడుగుకు అతుక్కుంటాయి. వేగంగా తిరిగే కారు కూడా అంతే, ఈ గోడకు అతుక్కుంటుంది."

ఇప్పటిదాకా ప్రతి మాటకూ తలూపుతున్న ఒక బుర్రమీసాల పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "మరి... నెమ్మదిగా వెళ్తే?"

"కిందికి జారిపోతుందండి. ఇక్కడ జాగ్రత్తపరుడికే ప్రమాదం ఎక్కువ."

ఒక ఆవిడ, "ఆడవాళ్ళు కూడా పందేల్లో నడిపేవాళ్ళా?" అంది. ఇంకొకాయన, "వానొస్తే ఏం చేసేవాళ్ళు?" అన్నాడు. ఒకరి మీద ఒకరు అడుగుతున్నారు. డెస్మండ్ చేతులు ఊపుతూ, వెనక్కి నడుస్తూ, ముప్పై ఏళ్ళ ఉత్తరాలు ఒక్క రోజులో పంచేస్తున్నట్టు చెప్పుకుపోతున్నాడు. హార్‌గ్రీవ్ గారి కాగితం మీద పెన్సిలు రెండుసార్లు టిక్కు పెట్టడం నేను స్వయంగా చూశాను. ఈ ఘనత నాదే అనుకున్నాను.

చివరిది పెద్ద షెడ్డు. మధ్యలో నాలుగు పంకాల ప్రయాణికుల విమానం, వెండిలా మెరుస్తూ. డెస్మండ్ దాని పక్కన నిలబడి, తల పైకెత్తి, ముక్కు నుంచి తోక దాకా చూశాడు. ఈసారి ముఖంలో భయం లేదు. దండు కుర్చీలు విప్పింది.

అమ్మమ్మ విమానం పొట్ట దగ్గరికి వెళ్ళింది. "ఈ గుండు తల మేకులన్నీ ఎందుకు బాబూ? అందానికా?"

సెడ్రిక్ ఇక ఆగలేకపోయాడు. "అమ్మా! వాటిని రివెట్లంటారు! రేకులను పట్టి ఉంచేవి అవే. అవి లేకపోతే విమానం..."

మధ్యలో ఆగిపోయాడు. అమ్మమ్మ చెయ్యి చూస్తున్నాడు. ఆవిడ ఏదో ఆలోచిస్తూ, అలవాటుగా, రివెట్ల వరస మీద బొటనవేలు పెట్టి జరుపుకుంటూ వెళ్తోంది. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

సెడ్రిక్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "మిస్ ఆల్కాక్!"

అది అమ్మమ్మ పెళ్ళికి ముందటి ఇంటిపేరు. మిగతా ముగ్గురూ లేచారు. టోపీలు తీశారు.

"ఎవరండీ ఈవిడ?" అంది హార్‌గ్రీవ్ గారు.

"తనిఖీ మిస్ ఆల్కాక్! ఆ బొటనవేలు నేను చచ్చినా మర్చిపోను. కళ్ళు మూసుకుని తడిమి, చెడ్డ రివెట్టు ఎక్కడుందో చెప్పేసేది. ఒక్క వారంలో నాచేత మూడు వందలు పీకించి మళ్ళీ కొట్టించింది. ఈవిడ ముద్ర పడనిదే ఒక్క రెక్క బయటికి పోయేది కాదు!"

"కూర్చో సెడ్రిక్," అంది అమ్మమ్మ. "అరవై ఏళ్ళయినా ఆ గూని పోలేదు నీకు."

సెడ్రిక్ నిటారుగా కూర్చున్నాడు. టీ కాచేదని నేను ఊరందరికీ చెప్పిన మనిషి ఈవిడ. మా షాపు యజమానితో అయితే, "మా అమ్మమ్మ కాచిన టీ తాగే ఆ విమానాలు ఎగిరాయి" అని కూడా అన్నాను.

కానీ పాత ఇన్‌స్పెక్టరు ఎదుట పరువు పోయిందని సెడ్రిక్‌కు బాధ. అది ఎవరి మీదో తీర్చుకోవాలి. డెస్మండ్ వైపు తిరిగాడు.

"సరే గైడు గారూ. ఈ రెక్క లోపల మూడో అడ్డుపట్టీ ఉంది. దానికి రివెట్లెన్ని? ఈ షెడ్డులో ఆ పని చేసిన నాకు తెలుసు. రెండుసార్లు లెక్కపెట్టించిన మిస్ ఆల్కాక్ గారికి తెలుసు. మీకు తెలుసా?"

హార్‌గ్రీవ్ గారు పెన్సిలు కాగితం మీద ఆనించి, ఎదురు చూసింది. ఆవిడ కూడా ఇలాంటి ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టుంది, జవాబు డెస్మండ్‌కు తెలియని ప్రశ్న.

డెస్మండ్ టై సర్దుకున్నాడు. పెదాలు కదిలాయి. విమానం నిచ్చెన మీద తొమ్మిదో రాజు కాలు పెట్టడం నాకు స్పష్టంగా కనిపించింది.

"నాకు తెలియదు," అంది అమ్మమ్మ.

షెడ్డంతా వినిపించేలా అంది. సెడ్రిక్ నోరు తెరుచుకుంది.

"మిస్ ఆల్కాక్! మీకు తెలియకపోవడమేమిటి? నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు! మీరు..."

"తెలియదంటే తెలియదు సెడ్రిక్. నీకు మాత్రం నిజంగా తెలుసా?"

అని, ఒక చూపు చూసింది. బహుశా ఆ చూపుకే మూడు వందల రివెట్లు బయటికొచ్చి ఉంటాయి. సెడ్రిక్ కాసేపు తన బూట్లు చూసుకున్నాడు. "ఏమో... ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు లెండి," అన్నాడు. పక్క ముసలాయన, "నాకు అప్పుడే తెలియదు," అన్నాడు. బుర్రమీసాల పెద్దమనిషి ముఖం వెలిగిపోయింది. "నాకైతే పొద్దున్నుంచీ సగం తెలియడం లేదండీ!" అన్నాడు.

డెస్మండ్ పెద్దగా ఊపిరి వదిలాడు.

"నాకూ తెలియదండి," అన్నాడు. మాట పూర్తి చేశాడు. "కనుక్కుని చెబుతాను."

హార్‌గ్రీవ్ గారు కాగితం మీద ఏదో రాసి, కింద గీత కొట్టింది. "మూడేళ్ళుగా ఈ ఒక్క మాట కోసం చూస్తున్నాను డెస్మండ్. తేదీలు ఎవరైనా నేర్చుకుంటారు. ఆ వానకోటు తిరిగి ఇచ్చేయండి."

జనం చప్పట్లు కొట్టారు. దండు కూడా కొట్టింది, కుర్చీల మీద. డెస్మండ్ విమానం రెక్క కింద నిలబడి, ఎవరూ అడగకుండానే అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆపడానికి ఎవరికీ మనసు రాలేదు. నేను యథాప్రకారం తలూపాను.

తిరుగు బస్సులో అమ్మమ్మ బూట్లు విప్పి, కాళ్ళు ముందు సీటు కిందికి చాపింది. నేను రైలు టికెట్ల కిటికీ దగ్గర అమ్మమ్మ వెనక నిలబడి టైము పలక చదవలేక తికమకపడ్డ ముసలాయన్నూ, చర్చిలో సర్దుకున్న సగం మందినీ తలుచుకుంటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళూ పైకప్పులూ బూట్లూ చూడటంలో ఎవరి ముఖమూ చూడలేదు నేను.

ఇక లాభం లేదని, గొంతు సవరించుకుని, నా జన్మలో మొదటి ప్రశ్న అడిగాను.

"అమ్మమ్మా, నిజం చెప్పు. ఆ రివెట్లు ఎన్నో నీకు తెలుసు కదూ?"

"తెలుసు."

"ఎన్ని?"

అమ్మమ్మ టోపీ కళ్ళ మీదికి లాక్కుని, తల వెనక్కి వాల్చింది.

"వెళ్ళి డెస్మండ్‌ని అడగవే. ఆ ఉద్యోగం ఇప్పుడు అతనిది."